పట్టుకాయకు పడిన కన్నం

వేదాంతం చెప్పే పెద్దలు తరచుగా భ్రమరకీట న్యాయాన్ని ఉదాహరిస్తారు. భ్రమరం ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూటిలో పెట్టి, దాని చుట్టూ రొద చేస్తూ తిరుగుతుందట. పురుగు భయంతో రేయింబవళ్ళు భ్రమరాన్నే తలుచుకుని తలుచుకుని, కొన్నాళ్ళకు తానే భ్రమరమై గూడు చీల్చుకొని ఎగిరిపోతుందట. జీవుడు బ్రహ్మాన్ని ధ్యానించి బ్రహ్మమే అవుతాడని చెప్పడానికి ఇది దృష్టాంతం. దృష్టాంతంగా దీనికి వంక పెట్టేవాళ్ళెవరూ లేరు.

చిన్నతనంలో నర్సీపట్నంలో మా ఇంటి వసారా దూలానికి అలాంటి మట్టిగూళ్ళు వేలాడుతుండేవి. ఒకసారి కర్రతో ఒక గూడు రాల్చి విప్పి చూశాను. లోపల నాలుగైదు ఆకుపచ్చని పురుగులు చచ్చీ చావక పడి ఉన్నాయి. వాటి మధ్య, వాటిని తింటూ, తెల్లని మరో పురుగు ఉంది. ధ్యానం ఛాయలు ఎక్కడా కనబడలేదు. కందిరీగ పురుగులను కుట్టి కదలకుండా చేసి, ఒక గుడ్డు పెట్టి, గూటికి మూత వేసి వెళ్ళిపోయింది. పగలగొట్టుకొని బయటికి వచ్చేది పురుగు కాదు, పురుగును తిని పెరిగిన కందిరీగ బిడ్డ అని తర్వాత ఎన్నో ఏళ్ళకు చదివి తెలుసుకున్నాను.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. చైనావారి అతి ప్రాచీన గేయ సంపుటంలోనూ కందిరీగ గొంగళిపురుగును ఎత్తుకుపోయి పెంచుకుంటుందని ఉంది. అందుకే ఆ భాషలో దత్తపుత్రుడికి ఆ గొంగళిపురుగు పేరే నిలిచిపోయింది. క్రీ.శ. 456–536 మధ్య జీవించిన తావో హోంగ్‌జింగ్ అనే వైద్యపండితుడు గూళ్ళు విప్పి చూసి, అది దత్తత కాదని, కందిరీగ గుడ్డు పెట్టి తన పిల్లకు ఆహారంగా పురుగును దాచిందని రాశాడు. అక్కడికి అయిదు శతాబ్దాలు గడిచాక లు దియన్ (1042–1102) అనే మరో పండితుడు ఇంకో సంగతి నమోదు చేశాడు. పట్టుపురుగు మీద ఒక ఈగ గుడ్డు పెడుతుందని, పురుగులోంచి వెలువడిన పిల్ల మట్టిలోకి దిగి మళ్ళీ ఈగ అవుతుందని ఆయనకు తెలుసు. పురుగు దేహంలో పెరిగే ఈగను గురించి మనకు దొరుకుతున్న అతి పాత మాటల్లో ఇవి చేరతాయి.

యూరోపులో ఈ విషయం చాలా ఆలస్యంగా తెలిసింది. 1660లలో హాలెండు చిత్రకారుడు యాన్ గూడార్ట్ గొంగళిపురుగులను పెంచి, వాటి రూపాంతరాలను బొమ్మలుగా వేశాడు. ఒకే రకం పురుగులోంచి ఒకసారి సీతాకోకచిలుక, మరొకసారి ఈగల గుంపు రావడం ఆయన కళ్ళారా చూశాడు. చూసినదంతా నిజాయితీగా చిత్రించాడు. ఒకే పురుగుకు రెండు రకాల సంతానం కలుగుతుందని భావించాడు. ఆయన కంటికి అందనిది గుడ్డు ఒక్కటే. 1668లో ఇటలీలో ఫ్రాన్సెస్కో రెడి మాంసానికి గుడ్డ కప్పి, ఈగ వాలకపోతే పురుగు పుట్టదని నిరూపించాక, ఈగ ఉన్నచోట ముందు గుడ్డు ఉండి తీరాలన్న ఆలోచనకు బలం చేకూరింది.

ఇంతకీ చెప్పదలచుకున్నది ఇది. గొంగళిపురుగులో పెరిగే ఈగల చరిత్ర, మనిషి 'గుడ్డు ఎక్కడ పెట్టింది?' అని అడగడం నేర్చుకున్న చరిత్ర. ఆ ప్రశ్నకు సరైన జవాబు దొరికిన చోట రైతు నిలదొక్కుకున్నాడు. దొరకని చోట నష్టపోయాడు.

* * *

ఈ ఈగల కుటుంబానికి శాస్త్రజ్ఞులు టాకినిడే అని పేరు పెట్టారు. ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన జాతులు సుమారు 8,500. చూపుకు ఇంట్లో తిరిగే ఈగలాగే ఉంటాయి, కాకపోతే ఒంటినిండా, ముఖ్యంగా పొట్ట చివర, ముళ్ళవంటి వెంట్రుకలు ఎక్కువ. పెద్ద ఈగ తేనెనో చిగుళ్ళ మీది తియ్యని జిగురునో తాగి బతుకుతుంది. పురుగును తినేది దాని పిల్ల. ఆతిథ్యమిచ్చిన దేహాన్ని చివరికి చంపే ఇలాంటి జీవులను మన వ్యవసాయ శాఖవారు 'బదనికలు' అంటున్నారు. చెట్టు కొమ్మ మీద మొలిచే బదనిక పేరును కీటకాలకు తెచ్చిపెట్టడం చక్కటి ఊహ.

కందిరీగకు సూదివంటి అవయవం ఉంటుంది. దానితో పొడిచి గుడ్డును పురుగు లోపలికే దించగలదు. ఈ ఈగల్లో అత్యధిక జాతులకు ఆ సూది లేదు. కనుక పిల్ల ఎలాగో తానే లోపలికి చేరాలి. అందుకు ఈ కుటుంబం ముఖ్యంగా మూడు దారులు పట్టింది.

మొదటిది, పురుగు చర్మం మీదనే గుడ్డు అంటించడం. గుడ్డు పెద్దది, కంటికి కనబడేంతటిది. ఈగ పురుగును స్వయంగా వెతికి, తప్పించుకోబోయే దేహాన్ని అందుకొని ఒకటో రెండో పెడుతుంది. గుడ్డు పెట్టిన చోటే ఆహారం ఉంది కాబట్టి కొన్ని వందల గుడ్లతో దాని జీవితం గడిచిపోతుంది.

రెండోది, పురుగును వెతకకుండా అది తినబోయే ఆకు మీద గుడ్లు చల్లడం. ఈ గుడ్లు ధూళి రేణువులంత సూక్ష్మం. పురుగు ఆకుతోపాటు వాటినీ మింగుతుంది. జీర్ణరసం తగిలాక కడుపులోనే గుడ్డు పగిలి, పిల్ల పేగు గోడను చీల్చుకొని దేహంలోకి చేరుతుంది. ఏ ఆకును ఏ పురుగు తింటుందో ఈగకు తెలియదు, అందువల్ల ఇక్కడ గుడ్లు వేలల్లో ఉంటాయి.

మూడోది, పురుగు దాగిన చోటు వాకిట్లో పిల్లను వదలడం. కాండం తొలిచి లోపల కూర్చున్న పురుగు ఈగకు అందదు. అందుచేత గుడ్డు తల్లి కడుపులోనే పొదగబడుతుంది. కన్నం దగ్గర పురుగు విసర్జించిన పిప్పి వాసన పట్టి, తల్లి అక్కడ సజీవమైన పిల్లను దింపి వెళుతుంది. సొరంగంలో పాక్కుంటూ పోయి పురుగును చేరుకోవడం పిల్ల పని.

పురుగుకు ఎంత దగ్గరగా పెడితే గుడ్లు అంత తక్కువ, ఎంత దూరంగా పెడితే అంత ఎక్కువ. విత్తనం నాటే రైతుకూ, వెదజల్లే రైతుకూ విత్తన మోతాదులో ఉండే తేడాయే ఇది.

* * *

జపాను పట్టు రైతులను పీడించిన ఈగ రెండో దారిది. ఆ భాషలో ఈగ పిల్లపురుగును 'ఉజి' అంటారు. మన పట్టు రైతులు పలికే 'ఊజీ' అక్కడిదే. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో జపానుకు పట్టు ఎగుమతే పెద్ద ఆదాయం. ఇల్లు ఎంత కట్టుదిట్టం చేసినా, ఈగ ఒక్కటీ లోపలికి రాకపోయినా, పట్టుకాయల్లోంచి ఈగ పిల్లలు దిగుతూనే ఉన్నాయి. 1880లలో ససాకి చుజిరో అనే శాస్త్రజ్ఞుడు ఆ ఈగ జీవితచరిత్రను ఆద్యంతం పరిశీలించి ప్రకటించాడు. గుడ్డు పురుగు మీద లేదు, తోటలో కోసిన మల్బరీ ఆకు అడుగున ఉంది. ఇంటివాళ్ళే గంపల్లో మోసుకొచ్చి పురుగుకు మేత వేస్తున్నారు. తలుపుకు తెర కట్టినంత మాత్రాన ఈ ఈగ ఆగదు.

మన దేశపు ఊజీ ఈగ వేరు. పేరు ఒకటే అయినా ఇది మొదటి దారి పట్టిన జాతి. ఎక్సోరిస్టా బాంబిసిస్ అనే దీని శాస్త్రీయ నామంలోని జాతిపేరు 1880 నాటిది. బెంగాలు పట్టు రైతులకు ఇది పాత శత్రువు. దక్షిణాదికి మాత్రం ఆ శతాబ్దమంతా, తర్వాతి శతాబ్దంలోనూ చాలా కాలం, ఇది తెలియదు. 1980లో కర్ణాటకలో కనబడింది. బెంగాలు నుంచి తెచ్చిన విత్తనపు పట్టుకాయల్లో దాగి వచ్చిందని చెబుతారు. ఈగ తనంతట తాను అంత దూరం ఎగిరి రాలేదు. మనుషులు మూటగట్టి, రైలెక్కించి తీసుకొచ్చారు. కర్ణాటక నుంచి సరిహద్దు దాటి హిందూపురం, మదనపల్లె, పలమనేరు ప్రాంతాల పట్టు పెంపకపు ఇళ్ళకు చేరడానికి దానికి ఎక్కువ కాలం పట్టలేదు.

పట్టు పెంపకం ఎరుగనివారి కోసం ఆ నష్టం ఎలాంటిదో చెప్పాలి. పట్టుపురుగు నాలుగుసార్లు పొర విడిచి, అయిదో దశలో ఆకలిగొన్నట్టు మేసి, గూడు కడుతుంది. ఇంటిల్లిపాదీ రాత్రింబవళ్ళు ఆకు కోసి వేసేది ఆ చివరి రోజుల్లోనే. పెట్టుబడి, శ్రమ అప్పటికే ఖర్చయిపోయి ఉంటాయి. సరిగ్గా అప్పుడే ఈగ వస్తుంది. మూడో దశ నుంచి పురుగు దానికి పనికివస్తుంది గాని, పెద్ద పురుగులంటే దానికి మక్కువ. మీగడ రంగు గుడ్డు చర్మానికి అంటుకుంటుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల గుడ్డు అడుగున తొలుచుకొని లోపలికి దిగుతుంది. దిగిన చోట నల్లని మచ్చ ఏర్పడుతుంది. ఆ మచ్చ వెనుక ఒక వింత ఉంది. పరాయి జీవి లోపలికి వచ్చిందని పురుగు దేహం దాని చుట్టూ ఒక పొరను అల్లుతుంది. ఈగ పిల్ల ఆ పొరనే గొట్టంగా మలుచుకొని, కన్నం గుండా బయటి గాలి పీలుస్తూ పెరుగుతుంది. తనను చంపడానికి కట్టిన గోడను అది తన ఇంటి గవాక్షంగా చేసుకుంటుందన్నమాట.

అయిదో దశ తొలినాళ్ళలోగా గుడ్డు పడితే పురుగు గూడు కట్టకుండానే చస్తుంది. చివరి రోజుల్లో పడితే గూడు కడుతుంది, రైతు ఆశపడతాడు. ఈగ పిల్ల గూటికి కన్నం వేసి బయటపడి, నేల పగుళ్ళలో దూరి, పది పన్నెండు రోజుల్లో కొత్త ఈగ అవుతుంది. పట్టుకాయంటే సుమారు వెయ్యి మీటర్ల దాకా సాగే ఒకే పోగు. ఒక్క కన్నంతో ఆ పోగు వందచోట్ల తెగిపోతుంది. దారం తీయడానికి పనికిరాని ఆ కాయను అంగడిలో పక్కకు తీసి పారబోస్తారు. ఊజీ పీడ వల్ల పంటలో 10 నుంచి 20 శాతం పోయేదని పట్టు శాస్త్రజ్ఞులు తరచుగా రాశారు. చిన్న కమతం వాడికి ఆ శాతమే లాభం మొత్తం.

ఇక్కడ మళ్ళీ ఆ పాత ప్రశ్నే అక్కరకు వచ్చింది. గుడ్డు ఎక్కడ పెట్టింది? పురుగు ఒంటి మీద. అయితే ఈగ ఇంట్లోకి రాకుండా చేయాలి. జపానులో వ్యర్థమైన తెర ఇక్కడ దివ్యంగా పనిచేసింది. కిటికీలకు నైలాను వల, తలుపు ముందు ఇంకో చిన్న గది, ఇవే మొదటి రక్షణ. గుడ్డు రెండు రోజులు ఒంటి మీదనే ఉంటుంది కాబట్టి, పిల్ల లోపలికి దిగేలోగా దాన్ని చంపే ద్రావకం పిచికారీ చేయడం రెండోది. నేల పగుళ్ళలోను, కాయలు అమ్మే అంగళ్ళలోను, దారం తీసే చోట్ల మూలల్లోను దొరికే ఈగ కోశాలను ఏరి నాశనం చేయడం మూడోది.

నాలుగోది చూస్తే భ్రమరకీట న్యాయం తిరగబడినట్టు ఉంటుంది. నెసోలింక్స్ థైమస్ అనే అతిచిన్న కందిరీగ ఊజీ ఈగ కోశాన్ని వెతికి అందులో తన గుడ్లు పెడుతుంది. ఒక్క కోశంలోంచి ఈగకు బదులు పదుల కొద్దీ కందిరీగలు వస్తాయి. పురుగును తొలిచినదాన్ని తొలిచే మరో బదనిక అది. పట్టు రైతు 'వంద గుడ్లు' అంటే వంద తల్లిచిలుకలు పెట్టిన గుడ్లని అర్థం. అంత పెంపకానికి లక్ష కందిరీగలను వదలమని పట్టు శాఖ సలహా ఇస్తూ వచ్చింది.

* * *

పట్టుపురుగు రాయలసీమ సంగతి. మా నర్సీపట్నం ప్రాంతానిది చెరకు. 2022లో అనకాపల్లి జిల్లా ఏర్పడేదాకా మాది విశాఖపట్నం జిల్లా. జిల్లా పేరు మారినా అనకాపల్లి బెల్లం పేరు మారలేదు. ఆ బెల్లం వెనుక ఉన్న చెరకును బాగుచేయడానికే 1913లో అనకాపల్లిలో పరిశోధన కేంద్రం వెలిసింది. ఇప్పుడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నడుస్తున్నది. పట్టురైతుకు శత్రువైన ఈగల కుటుంబం చెరకు రైతుకు చుట్టమయ్యేది ఇక్కడే.

చెరకు నాటిన మొదటి మూడు నాలుగు నెలల్లో పీక పురుగు పడుతుంది. మొక్క మొవ్వు ఎండిపోతుంది. పట్టి లాగితే ఇట్టే ఊడి వస్తుంది, మొదట్లో కుళ్ళు వాసన వేస్తుంది. ఆ మొవ్వును లాగి వాసన చూసి 'పీకపురుగు' అని పెదవి విరవడం మా పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పురుగు కాండం లోపల ఉంటుంది. పైన చల్లిన మందు దానికి తగలదు. అందుకే చెరకు చెత్త కప్పడం, మొక్క మొదట మట్టి ఎగదోయడం వంటి పాత పద్ధతులే ఈనాటికీ మొదటి సలహా.

మందు చేరలేని ఆ సొరంగంలోకి చేరగలిగేది మూడో దారి పట్టిన ఈగ పిల్ల. స్టర్మియాప్సిస్ ఇన్ఫెరెన్స్ అనే టాకినిడ్ ఈగ మన దేశపు చెరకు తోటల్లో సహజంగా ఉన్నదే. తల్లి కడుపులో కొన్ని వందల పిల్లలు సిద్ధంగా ఉంటాయి. పిప్పి వాసన పట్టి, కన్నం అంచున ఒక్కొక్కటిగా దింపుతుంది. పిల్ల పాకిపోయి, పురుగు చర్మం చీల్చి లోపలికి చేరి, దాన్ని లోపలి నుంచి తిని, సొరంగంలోనే కోశం కడుతుంది. 1912లో ఏర్పడిన కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ ఈగను ప్రయోగశాలలో పెద్దయెత్తున పెంచి తోటల్లో వదిలే పద్ధతులు రూపొందించారు. ఆ పనికి తల్లి కడుపు చీల్చి పిల్లలను వెలికితీసి, కుంచెతో పీకపురుగుల మీద పెట్టేంత ఓపిక కావలసి వచ్చింది.

ఇక్కడ మా రైతులు గమనించవలసింది ఒకటుంది. తోట నిండా విచక్షణ లేకుండా మందు కొడితే ముందు చచ్చేది బయట ఎగిరే ఈగ. లోపల కూర్చున్న పురుగు క్షేమంగా ఉంటుంది. శత్రువు కోటలో ఉండగా మన సైన్యం మీద మనమే బాణాలు వేసుకున్నట్టు.

* * *

అయితే ఈగను మిత్రుడనుకొని ఎక్కడికి పడితే అక్కడికి తీసుకుపోవచ్చునా? దీనికి చరిత్రలో రెండు సాక్ష్యాలున్నాయి.

1903 నుంచి 1916 దాకా మద్రాసు రేవు మీదుగా వేలమంది ఒప్పంద కూలీలు ఫిజీ దీవులకు వెళ్ళారు. వారిలో మా విశాఖపట్నం జిల్లా తెలుగువారూ ఉన్నారు. వారు చెరకు నరికిన ఆ దీవుల్లోనే కొబ్బరి చెట్లను లెవువానా అనే చిన్న చిలుక తాలూకు పురుగు మోడుగా చేస్తుండేది. 1925లో శాస్త్రజ్ఞులు మలయా నుంచి బెస్సా రెమోటా అనే టాకినిడ్ ఈగను తెచ్చారు. ఓడ మీద బోనుల్లో కొబ్బరి మొక్కలు పెట్టి, వాటి మీద మలయా పురుగులను పెంచుతూ, ఆ పురుగుల మీద ఈగలను బతికించుకుంటూ సముద్రం దాటారు. పురుగు ఒంటి మీద గుడ్డు పెట్టే ఆ ఈగ కొద్ది నెలల్లోనే లెవువానా పీడను అణచింది. కొబ్బరి బతికింది. ఆ చిలుక మాత్రం ఆ తర్వాతి కాలంలో క్రమంగా కనబడకుండా పోయి, అంతరించిపోయిందనే చాలామంది లెక్క వేశారు.

రెండోది అమెరికాది. జిప్సీ చిలుక అడవులను తినేస్తున్నదని 1906లో యూరోపు నుంచి కాంప్సిల్యూరా అనే ఈగను తెచ్చి వదిలారు. ఇది సూది లేని కుటుంబంలో పుట్టినా, పొట్ట చివరి కొక్కెంతో పురుగు చర్మాన్ని చీల్చి పిల్లను లోపలికే దించే నేర్పరి. దీనికి ఫలానా పురుగే కావాలన్న నియమం లేదు. సుమారు 200 జాతుల మీద పెరగగలదు. 1986 దాకా దాన్ని వదులుతూనే వచ్చారు. 2000లో అచ్చయిన ఒక అధ్యయనం, అరచేయంత రెక్కలున్న అక్కడి పెద్ద అడవి పట్టుచిలుకలు తరిగిపోవడానికి ఈ ఈగ ఒక ముఖ్య కారణం కావచ్చునని తేల్చింది. మన మద్దిచెట్ల మీద దసలి పట్టు కట్టే చిలుకకు అవి దగ్గరి బంధువులే.

అంటే, గుడ్డు ఎక్కడ పెడుతుందన్న ప్రశ్న వెంట, ఇంకా ఎవరి మీద పెడుతుందన్న ప్రశ్న కూడా అడగాలి. బెంగాలు నుంచి విత్తనపు కాయలు తెచ్చినవారు మొదటి ప్రశ్న అడగలేదు. అమెరికాలో ఈగలు వదిలినవారు రెండో ప్రశ్న అడగలేదు. ఒకరిది ఏమరుపాటు, ఒకరిది ఆత్మవిశ్వాసం. పురుగుల వైపు నుంచి చూస్తే రెండింటికీ భేదం లేదు.

మొన్న వేసవిలో నర్సీపట్నం వెళ్ళినప్పుడు తెలిసినవారి చెరకు తోటలో ఎండిన మొవ్వులు కొన్ని లాగి చీల్చి చూశాను. మూడింటిలో పీకపురుగు తెల్లగా మిలమిలలాడుతూ కదిలింది. నాలుగోదానిలో పురుగు లేదు. ఎండిన తోలు, దాని పక్కన వడ్లగింజంత గోధుమరంగు కోశం ఒకటి ఉన్నాయి. తోటవారు అది పీకపురుగు గుడ్డనుకొని కాలితో నలపబోయారు. వద్దని చెప్పి, ఆ ముక్కను మళ్ళీ చెత్త కింద నీడలో పెట్టించాను. పది రోజుల తర్వాత ఆయన ఫోను చేసి, కోశం పగిలి ఖాళీగా ఉందని, ఈ వారం కొడదామనుకున్న మందు మానేశానని చెప్పారు.